సొంతగూటి ప్రకటనకు శమంతక వ్యాఖ్య

కోలాచలం మల్లినాథసూరి మహాకావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ ముందే ఒక మాట ఇచ్చాడు. మూలంలో లేనిది రాయడట, అక్కర్లేనిది చెప్పడట. మెతుకుసీమలో పుట్టిన ఆ పండితుడు మాట మీద నిలబడ్డాడు కాబట్టే కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుడు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా సంస్కృతం చదువుకునే పిల్లల చేతికి అందుతున్నారు. ఆటల జట్లు వెలువరించే ప్రకటనలకు మాత్రం ఇంతవరకు ఒక్క మల్లినాథుడూ దొరకలేదు. పైగా వాటిని రాసేవాళ్లు ఆయన ప్రతిజ్ఞను శ్రద్ధగా చదివి తలకిందులుగా పట్టుకున్నారేమోనని అనుమానం. మూలంలో లేనిదే రాస్తారు, అక్కర్లేనిదే చెబుతారు.

ఈ ప్రకటనల్లో ఉత్తమజాతిది పునరాగమన ప్రకటన. పేరుమోసిన కోచ్ ఒకడు జట్టును వదిలిపోయి, కొన్నాళ్లకు మళ్లీ ఆ జట్టుకే వచ్చినప్పుడు ఇది పుడుతుంది. బాస్కెట్‌బాల్ కానీ క్రికెట్ కానీ, అమెరికా కానీ హైదరాబాదు కానీ, మూలపాఠం మారదు. అనేక ప్రతులు పోల్చి టీకాకారుడు పరిష్కరించిన పాఠం ఇది:

"మా విజయాలకు బాట వేసిన గురువుగారు మళ్లీ సొంతగూటికి చేరుకోవడం మా కుటుంబమంతటికీ గర్వకారణం."

టీకాకారుడిది వాడిపట్టి. మదురై నుంచి దిండుక్కల్ పోయే దారిలో ఉంటుంది. ఇక్కడి తెలుగిళ్లలో మాట తెలుగు, బడి తమిళం, పేపరు తమిళం. ఆ పేపర్లలో గూడు బదులు తల్లిల్లు ఉంటుంది. ఫలానావాడు తల్లింటికి తిరిగొచ్చాడు అని రాస్తారు. 2024 చివర్లో జరిగిన ఐపీఎల్ వేలంలో చెన్నై జట్టు అశ్విన్‌ను 9.75 కోట్లకు కొన్నప్పుడు తమిళనాట ఇదే పాట. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును వాకిట్లో నిలబెట్టి "ఎందుకొచ్చావమ్మా, అక్కడేమైంది?" అని ఎవరూ అడగరు. ముందు కాళ్లకు నీళ్లిస్తారు. ప్రకటన రాసేవాడి తెలివంతా అక్కడే ఉంది. వినేవాడు అడగాల్సిన ప్రశ్నలు మర్యాదకు కట్టుబడి నోట్లోనే ఆగిపోతాయి. ఆనాడు ఆయన ఎందుకు వెళ్లాడు? తానే వెళ్లాడా, పంపారా? నడుమ ఆ గూట్లో కాపురం చేసినవాడు ఏమయ్యాడు?

మల్లినాథుడు తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష, జీవాతువు అని పేర్లు పెట్టుకున్నాడు. మన వేదం వెంకటరాయశాస్త్రి ఆముక్తమాల్యదకు, శృంగారనైషధానికి వ్యాఖ్యలు రాసినప్పుడు వాటిలోంచే సంజీవని, సర్వంకష అనే పేర్లు తెచ్చుకున్నాడు. అదీ ఒక పునరాగమనమే. శాస్త్రిగారు దానికి పత్రికా ప్రకటన ఇవ్వలేదు. ప్రస్తుత వ్యాఖ్య పేరు శమంతకం. ఎందుకన్నది కాస్త ముందుకు వెళ్తే తెలుస్తుంది. ప్రతిపదార్థం వదిలేస్తున్నాం. గురువు అనగా ఎవరు, గర్వము అనగా ఏమి అన్నవి నిఘంటువులో ఉంటాయి. కుటుంబం అనగా వాటాదారులు అని మాత్రం ఉండదు, కనుక అదొక్కటి చెప్పి విశేషాంశానికి వెళ్తున్నాం.

విశేషము. జట్టు వదిలివెళ్లి తిరిగొచ్చిన కోచ్‌లలో మొదటివాడు బలరాముడు.

శమంతకమణి కథ తెలియని తెలుగువాడు లేడంటారు. నిజానికి మనకు తెలిసింది సగమే. వినాయక చవితినాటి వ్రతకథలో సత్రాజిత్తు, ప్రసేనుడు, సింహం, జాంబవంతుడు, కృష్ణుడి మీద నింద, ఆపైన జాంబవతీ సత్యభామల పెళ్లిళ్లు వస్తాయి. అక్కడితో కథ కంచికి, అక్షింతలు నెత్తికి, జనం ఉండ్రాళ్ల మీదికి. అసలు గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. కృష్ణుడు ఊళ్లో లేని సమయం చూసి శతధన్వుడు నిద్రపోతున్న సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకుపోయాడు. కృష్ణుడు తిరిగొచ్చాడని తెలియగానే బెదిరి, మణిని అక్రూరుడి దగ్గర పడేసి గుర్రమెక్కి పారిపోయాడు. అన్నదమ్ములిద్దరూ రథం మీద తరుముకుపోయారు. మిథిల పొలిమేరలో వాడి గుర్రం కూలింది. కృష్ణుడు ఒక్కడే కాలినడకన వెంటపడి వాణ్ణి చంపి, బట్టలు వెతికాడు. మణి లేదు. తిరిగొచ్చి అన్నగారికి ఆ మాటే చెప్పాడు.

ఇచ్చట పాఠాంతరం ఉంది. భాగవతంలో బలరాముడు పెద్దమనిషి. వాడు మణిని ఎవరి దగ్గరో దాచి ఉంటాడు, నువ్వు ఊరికి పోయి వెతుకు, నాకు మిథిలరాజును ఒకసారి చూడాలని ఉంది అని సెలవు పుచ్చుకుంటాడు. విష్ణుపురాణంలో ఆ పెద్దరికం లేదు. మణి నీ దగ్గరే ఉంది, నీకు ధనం మీద ఆశ, నీతో గానీ ద్వారకతో గానీ చుట్టాలతో గానీ నాకిక పని లేదు అని తమ్ముడి ముఖం మీదే అనేసి మిథిలకు పోతాడు. రెండూ పురాణాలే, రెండూ ప్రమాణాలే. మొదటిది జట్టు విడుదల చేసిన ప్రకటన, రెండోది డ్రెస్సింగ్ రూములో జరిగినది. తమాషా ఏమిటంటే భాగవతం కూడా ఆ మర్యాదను అధ్యాయం చివరిదాకా కాపాడుకోలేకపోయింది. కృష్ణుడు అక్రూరుణ్ణి పిలిపించి, మణి నీ దగ్గరుందని నాకు తెలుసు, ఒక్కసారి అందరికీ చూపించు, మా అన్న నా మాట పూర్తిగా నమ్మడం లేదు అంటాడు. పరస్పర అంగీకారంతో విడిపోయామని చెప్పుకున్నవాళ్ల నోట ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మాట జారుతుంది.

మిథిలలో బలరాముడు ఊరికే కూర్చోలేదు. దుర్యోధనుడు అక్కడికే వచ్చి గదావిద్య నేర్చుకున్నాడు. అన్నదమ్ముల మధ్య తేలని ఒక మణి లెక్క వల్ల ప్రత్యర్థి పక్షానికి మొదటి తరగతి ఆటగాడు తయారయ్యాడు. మూడేళ్లకు బభ్రువు, ఉగ్రసేనుడు మొదలైన యాదవులు వెళ్లి, మణి కృష్ణుడి దగ్గర లేదని నమ్మకం కలిగించి ద్వారకకు తీసుకొచ్చారు. గమనించాలి. ఆయన్ని వెనక్కి తెచ్చింది గూటి మీద మమకారం కాదు. మణి ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర లేదు అన్న విచారణ.

టీకాకారుడు ఇక్కడ ఆగాలి. ఆగలేకపోతున్నాడు, ఎందుకంటే బలరాముడి రెండో పునరాగమనం ఇంకా బాగుంటుంది. కురుక్షేత్రంలో ఎటూ చేరకుండా తీర్థయాత్రకు పోయినవాడు నలభై రెండు రోజులకు, సరిగ్గా ఫైనల్ మొదలయ్యే వేళకు వచ్చి నిలబడ్డాడు. బరిలో ఇద్దరూ తన శిష్యులే. అక్కడ కాదు, శమంతపంచకంలో ఆడండి అని వేదిక కూడా తానే మార్పించాడు. నాభి కింద కొట్టరాదన్నది గదాయుద్ధంలో మొదటి పాఠం. భీముడు తొడల మీద కొట్టాడు. గురువు నాగలెత్తి భీముడి మీదికి పోతే కృష్ణుడు రెండు చేతులా పట్టి ఆపి, ఇది భీముడు ఎప్పుడో చేసిన ప్రతిజ్ఞ, అందుచేత తప్పు కాదని వాదించాడు. ముందుగా చెప్పి చేసిన ఫౌల్ ఫౌల్ కాదనే ఈ సూత్రాన్ని ఇంతవరకు ఏ బాస్కెట్‌బాల్ సంఘమూ ఒప్పుకోలేదు. బలరాముడూ ఒప్పుకోలేదు. రథమెక్కి ద్వారకకు పోయాడు. గెలిచిన పక్షం గురువుగా ఫొటో దిగడానికి కూడా నిలబడలేదు. ఇద్దరు శిష్యుల్లో ఒకడు గెలిచినా గురువు ఓడిపోయే ఆట అది, ఆ చిక్కు గురించి ఎంతైనా చెప్పవచ్చు. కానీ ప్రకటన సంగతి మరిచి పేజీ దాటిపోయింది. ప్రకృతానికి వద్దాం.

అన్వయము. బాస్కెట్‌బాల్ కోచ్ ఫిల్ జాక్సన్ షికాగో బుల్స్‌కు ఆరు టైటిళ్లు, లాస్ ఏంజిలస్ లేకర్స్‌కు 2000 నుంచి 2002 దాకా వరుసగా మూడు తెచ్చాడు. ఆటగాళ్లను ధ్యానంలో కూర్చోబెట్టేవాడు, ఒక్కొక్కరి గుణం చూసి ఒక్కో పుస్తకం చదవమని ఇచ్చేవాడు. 2004 ఫైనల్లో డెట్రాయిట్ పిస్టన్స్ చేతిలో 4-1 తేడాతో ఓడాక ఆ జూన్‌లోనే లేకర్స్‌తో తెగిపోయింది. అదే ఏడాది ఆయన పుస్తకం అచ్చయింది. పేరు 'ద లాస్ట్ సీజన్'. జట్టు ప్రధాన ఆటగాడు కోబీ బ్రయంట్ ఎవరి మాటా వినడని, అతను ఉంటే వచ్చే ఏడు తాను ఉండనని మేనేజర్‌తో తెగేసి చెప్పిన సంగతి అందులో తానే రాశాడు. విష్ణుపురాణ పాఠాన్ని స్వయంగా అచ్చు వేయించుకున్న గురువు ఇంకొకడు కనపడడు. ఏడాది తిరగ్గానే, 2005 జూన్‌లో, అదే లేకర్స్‌కు, అదే కోబీకి కోచ్‌గా వచ్చాడు. ఆఖరి సీజన్ పుస్తకం తర్వాత మరో ఆరు సీజన్లు పనిచేశాడు.

మరి మణి? 2004 జులైలోనే లేకర్స్ షకీల్ ఓనీల్‌ను మయామీకి పంపేసింది. ఏడడుగుల ఒక అంగుళం ఎత్తున్న మణి. అది లేని గూటికి గురువు వచ్చాడు. 2006లో మొదటి రౌండులో ఫీనిక్స్ సన్స్ మీద 3-1 ముందంజలో ఉండి 4-3 తేడాతో ఓడారు. 2007లో మళ్లీ అదే రౌండు, అదే ఫీనిక్స్, ఈసారి 4-1. ధ్యానం అదే, పుస్తకాలు అవే, జట్టు ఆడే త్రికోణ వ్యూహం అదే. 2008 ఫిబ్రవరి 1న మెంఫిస్ నుంచి కొత్త మణి, పావ్ గసోల్, వచ్చాడు. ఆ ఏడు ఫైనల్లో బోస్టన్ చేతిలో ఓడినా, 2009లోనూ 2010లోనూ కప్పు గెలిచారు. అప్పుడు అందరూ 2005 నాటి ప్రకటన తవ్వి తీసి, చూశారా, గురువుగారు తిరిగి రావడం వల్లే అన్నారు. నడుమ రెండేళ్లు ఆ ప్రకటన ఎక్కడ దాక్కుందో ఎవరూ అడగలేదు.

పాట్ రైలీది తిరగేసిన కథ. 1995 నుంచి 2003 దాకా మయామీ హీట్‌కు కోచ్; తర్వాత పైన కూర్చుని జట్టు వ్యవహారాలు చూశాడు. 2005 డిసెంబరులో స్టాన్ వాన్ గండీ కుటుంబంతో గడపాలని తప్పుకుంటే రైలీ మళ్లీ కోచ్ కుర్చీలోకి దిగాడు. ఓనీల్ అక్కడే ఉన్నాడు, డ్వేన్ వేడ్ కూడా ఉన్నాడు. 2006 జూన్‌లో డల్లాస్‌ను ఓడించి కప్పు ఎత్తారు. రెండేళ్లు గడిచాయి. 2007-08 సీజన్లో వేడ్‌కు గాయాలు, నడుమ ఓనీల్‌ను ఫీనిక్స్‌కు పంపేశారు. 15 గెలుపులు, 67 ఓటములు. గురువు మారలేదు, గూడు మారలేదు.

మదురై సీమవాళ్లకు ఇవి కొత్త సంగతులు కావు. ఇక్కడ ఒక రాజధానే వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లింది. ముద్దువీరప్పనాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి తరలిస్తే, తిరుమలనాయకుడు మదురైకి తిరిగి తెచ్చి, ఈనాటికీ జనం తలెత్తి చూసే స్తంభాల మహలు కట్టాడు. మనుమడు చొక్కనాథుడు మళ్లీ తిరుచికి పోతూ ఆ మహలును ఊడదీసి, పనికొచ్చే సొగసంతా బండ్లకెక్కించాడు. పోయేవాడు ఏం పట్టుకుపోయాడన్నది మదురైలో ఇప్పటికీ గోడలు చూసి చెప్పవచ్చు. ఆ తరలింపు తర్వాతి తరాల్లోనే విజయరంగ చొక్కనాథుడి కాలంలో సముఖం వేంకటకృష్ణప్పనాయకుడు జైమినిభారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. కవిత్వమంతా పద్యాల్లోనే ఉన్న రోజుల్లో అంత నిండైన వచనం ఈ తమిళదేశంలో పుట్టింది. ఇప్పుడు ఈ ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లలో ఆ పుస్తకం అట్ట మీది పేరు కూడబలుక్కుని చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో తల్చుకుంటే టీకాకారుడికి కోచ్‌ల మీద ఉన్న కోపం కాస్త పక్కకు జరుగుతుంది. అది వేరే వ్యాఖ్య.

పూర్వపక్షి ఒకడు లేస్తాడు. మణి ఉంటే చాలు, గురువు ఎందుకంటారా? చెన్నై సంగతి చెప్పండి అంటాడు. చెప్తాం. రెండేళ్ల నిషేధంలో చెన్నై సూపర్ కింగ్స్ లేనప్పుడు స్టీఫెన్ ఫ్లెమింగ్ పుణె జట్టుకు కోచ్‌గా పోయాడు. 2018లో జట్టుతోపాటే తిరిగొచ్చి ఆ ఏడే కప్పు గెలిపించాడు. నిజమే. ధోని, రైనా, జడేజాలను ముందుగానే అట్టిపెట్టుకుని గురువును పిలిచారు. ద్వారకకు మణీ బలరాముడూ ఒకే బండిలో వచ్చినట్టు. మణి ఉన్నంత మాత్రాన గురువు అక్కర్లేదని టీకాకారుడు అనడం లేదు. మణి మాట చెప్పకుండా గురువు మాటే చెప్పేవాడి ఉద్దేశం ఏమిటన్నది ప్రశ్న.

ఆ 2018 ఫైనల్లో అవతలి పక్షం మన హైదరాబాదు సన్‌రైజర్స్. కోచ్ టామ్ మూడీ. 2013 నుంచి ఉన్నవాడు. 2016 మే 29న బెంగళూరులో బెంగళూరు జట్టునే 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చినవాడు. ఆ ఏడు కెప్టెన్ డేవిడ్ వార్నర్ చేసిన పరుగులు 848. 2019 జులైలో, ఇంగ్లాండుకు ప్రపంచకప్పు గెలిపించి నాలుగు రోజులే గడిచిన ట్రెవర్ బేలిస్‌ను తెచ్చి మూడీని సాగనంపారు. 2020 డిసెంబరులో మూడీ క్రికెట్ డైరెక్టర్ హోదాలో తిరిగొచ్చాడు. 2021 మే 1న వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి దించారు, మర్నాటి మ్యాచ్‌లో జట్టులోంచే తీసేశారు. ఆ ఏడు అట్టడుగు స్థానం. బేలిస్ వెళ్లాడు, 2022కు మూడీ మళ్లీ హెడ్ కోచ్ అయ్యాడు. సొంతగూడు, పాత వైభవం, అభిమానుల ఆనందబాష్పాలు. ఈలోగా వార్నర్ ఢిల్లీకి పోయాడు, రషీద్ ఖాన్ 15 కోట్లకు గుజరాత్‌కు పోయాడు. మణులు రెండూ బయట, గురువు లోపల. మొదటి రెండు మ్యాచ్‌లు ఓటమి, తర్వాత వరుసగా ఐదు గెలుపులు, వాటి తర్వాత వరుసగా ఐదు ఓటములు. పది జట్లలో ఎనిమిదో స్థానం. రషీద్ వెళ్లిన గుజరాత్ ఆడిన మొదటి ఏడాదే కప్పు ఎత్తింది, 2022 మే 29న. తేదీ కూడా తిరిగొచ్చింది, మూడీ మొదటి కప్పు గెలిచిన తేదీ. ఆ సెప్టెంబరులో సన్‌రైజర్స్ బ్రయన్ లారాను కోచ్‌గా ప్రకటించింది. మూడీ రాకకు పలికిన విశేషణాలు పోకకు ఒక్కటీ మిగల్లేదు.

మణే నడిచి గురువు దగ్గరికి వచ్చిన సందర్భం కూడా హైదరాబాదులోనే ఉంది. 2014లో బ్యాడ్మింటన్ గురువు పుల్లెల గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి పోయిన సైనా నెహ్వాల్ అక్కడే ప్రపంచ నంబర్ వన్ అయింది, 2017 సెప్టెంబరులో గోపీచంద్ దగ్గరికి తిరిగొచ్చి మరుసటి ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో సింధును ఓడించి స్వర్ణం తెచ్చింది. సింధుకూ గురువు గోపీచందే. బలరాముడి చిక్కు మళ్లీ. నడుమ మూడేళ్లు నంబర్ వన్ దాకా తీసుకెళ్లిన విమల్ కుమార్ పేరు ఆ పునరాగమన వార్తల్లో ఏ మూల ఉందో వెతుక్కోవాలి.

అసలు బాధ ఇదే. ఇక గాంభీర్యం పక్కన పెట్టి చెప్పాలి. 'మళ్లీ' అన్న మాట వాక్యంలో చేరగానే నడిమివాడు గల్లంతవుతాడు. జాక్సన్ లేని ఏడాది లేకర్స్‌ను చేపట్టిన రూడీ టామ్జానొవిచ్ అనామకుడేం కాదు, హ్యూస్టన్‌కు 1994లో, 1995లో టైటిళ్లు తెచ్చినవాడు. 2003లో క్యాన్సర్‌తో పోరాడి బయటపడ్డాడు. 2005 ఫిబ్రవరిలో, 43 ఆటలయ్యాక, ఒంట్లో శక్తి చాలడం లేదని తప్పుకున్నాడు. అప్పటికి జట్టు గెలుపులు ఓటముల కన్నా ఎక్కువే. ఆ తర్వాత సహాయకుడు ఫ్రాంక్ హ్యాంబ్లెన్ చేతిలో పడి 34-48తో ముగిసింది. మొత్తం ఏడాదికి ఒక్కటే పేరు పెట్టారు: జాక్సన్ లేని చీకటి. వాన్ గండీ నడిపిన జట్టే 2006లో రైలీకి కప్పు ఇచ్చింది. బేలిస్ కూడా 2020లో సన్‌రైజర్స్‌ను మూడో స్థానానికి చేర్చాడు. వీళ్లంతా ప్రకటన ప్రకారం గూట్లో లేరు. గూడు ఖాళీగా ఉండి గురువు కోసం ఎదురుచూసింది.

నడిమివాడికన్నా కనపడనివాడు పక్కన కూర్చున్నవాడు. జాక్సన్ పేరు మీద చెలామణీ అయిన త్రికోణ వ్యూహం టెక్స్ వింటర్‌ది. కాన్సస్ స్టేట్‌లో కోచ్‌గా ఉండగా దాని మీద 1962లోనే పుస్తకం రాశాడు. బుల్స్‌కు జాక్సన్ కన్నా ముందు వచ్చాడు, షికాగోలోనూ లాస్ ఏంజిలస్‌లోనూ సహాయకుడిగానే ఉన్నాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని 2011లో గుర్తించింది, 89వ ఏట. వింటర్ ఫలానా గూటికి చేరుకున్నాడు అని ఎవరైనా మొదటి పేజీలో వేశారా?

ఈ పక్కనున్న కోయంబత్తూరు బాస్కెట్‌బాల్ ఊరు. పి.ఎస్. గోవిందస్వామినాయుడి కొడుకులు 1926లో పెట్టిన ధర్మసంస్థ బళ్లూ కళాశాలలూ కట్టింది, ఆ పేరు మీద పి.ఎస్.జి. ట్రోఫీ ఆడుతున్నారు, నాచిముత్తు గౌండర్ కప్పుకు నేవీ నుంచి, ఓవర్సీస్ బ్యాంకు నుంచి జట్లు వచ్చిపోతుంటాయి. అక్కడ సాయంత్రం పూట కోర్టు పక్క చెట్టు కింద ఎవరో ఒక పీటీ వాత్తియార్, అంటే వ్యాయామం సారు, విజిల్ పట్టుకుని పదేళ్ల పిల్లలకు లే-అప్ నేర్పుతూ ఉంటాడు. మద్రాసులో హారీ క్రో బక్ 1920లో పెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల నుంచి ఈ పరంపర సాగుతోంది. వాడిపట్టి చుట్టుపక్కల బళ్లలో అదీ అరుదే. రింగుంటే వల ఉండదు, వలుంటే బోర్డు మీద చతురస్రం చెరిగిపోయి ఉంటుంది. పీటీ వాత్తియార్ బదిలీ ఉత్తర్వు మీద వేరే తాలూకాకు పోతాడు. ఆయన లేని రెండేళ్లూ ఆటల పీరియడు లెక్కల సారుది. ఇంకో ఉత్తర్వు మీద ఆయన అదే బడికి తిరిగొస్తాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి అప్పుడూ పీరియడు లెక్కల సారుదే. "మామా, మా పీటీ వాత్తియార్ మళ్లా వచ్చినాడు" అని చెప్పే పిల్లవాడొక్కడే ఆ పునరాగమనానికి ప్రకటన కర్త. అతను చెప్పిన దాంట్లో విశేషణం ఒక్కటీ లేదు, అబద్ధం కూడా లేదు.

పీఠాల మీద కూర్చునేవాళ్ల సంగతికి తిరిగి వస్తే, మైక్ బ్రౌన్ వంశావళి ఒకటి మిగిలింది. క్లీవ్‌లాండ్‌కు 2005 నుంచి అయిదేళ్లు కోచ్. 2010లో తీసేశారు, ఆ వేసవిలోనే మణి, అనగా లెబ్రాన్ జేమ్స్, మయామీకి పోయింది. జాక్సన్ రిటైరయ్యాక 2011లో లేకర్స్‌కు వచ్చాడు, 2012 నవంబరులో అయిదు ఆటలకు ఒక్కటే గెలిచాడని పంపేశారు. 2013లో క్లీవ్‌లాండ్ మళ్లీ పిలిచింది. ఆనాడు తీసేయడం పొరపాటని యజమాని డాన్ గిల్బర్ట్ స్వయంగా ఒప్పుకున్నాడు. ప్రకటనల చరిత్రలో ఇంత నిజాయతీ అరుదు. ఏడాది తర్వాత, 33-49 లెక్క చూసి, ఆ పొరపాటునే ఇంకోసారి చేశాడు. బ్రౌన్ వెళ్లిన రెండు నెలలకు లెబ్రాన్ తిరిగొచ్చాడు.

బ్రౌన్‌ను పంపిన ఆ 2012 నవంబరులోనే లేకర్స్ మూడోసారి జాక్సన్ గుమ్మం తొక్కింది. శనివారం ఇంటికి వెళ్లి మాట్లాడారు. సోమవారం చెబుతానన్నాడు గురువు. సొంతగూటి ప్రకటన సిద్ధమైపోయిందని అందరూ అనుకున్నారు. మైదానంలో అభిమానులు ఆయన పేరు జపించారు. ఆదివారం అర్ధరాత్రి ఫోను వచ్చింది, వేరే ఆయన్ని తీసుకున్నామని. ఆ వేరే ఆయన మైక్ డాంటోని. 2006లోనూ 2007లోనూ జాక్సన్‌ను మొదటి రౌండులోనే ఇంటికి పంపిన ఫీనిక్స్ కోచ్. ఈ భాగానికి మూలంలో వాక్యం దొరకదు. లేకర్స్ ఆ ఏడు ప్లేఆఫ్స్ మొదటి రౌండులో శాన్ ఆంటోనియో చేతిలో 4-0 తేడాతో ఓడింది, వేసవిలో మణి, అనగా డ్వైట్ హోవర్డ్, హ్యూస్టన్‌కు వెళ్లిపోయాడు.